పంపు ఆన్, వాల్వు క్లోజ్

ముందే చెప్పేస్తున్నా, ఇదంతా దొడ్డికి సంబంధించిన వ్యవహారం. ముక్కు మూసుకునేవాళ్ళు ఇక్కడే ఆగిపోవచ్చు. కొత్తగా తండ్రులైనవాళ్ళు, కాబోతున్నవాళ్ళు మాత్రం చదవండి. ఏదో ఒక అర్ధరాత్రి మీకు పనికొస్తుంది.

మావాడికి అప్పటికి అయిదు వారాలు. బారసాల అయిపోయింది, చుట్టాలు వెళ్ళిపోయారు. మా ఆవిడ పుట్టిల్లు విశాఖపట్నంలో మల్కాపురం. నేను లాప్‌టాప్ పట్టుకుని అక్కడికే వచ్చి, పగలు ఆఫీసు కాల్సూ, రాత్రి పిల్లాడి కాల్సూ అటెండవుతున్నా. ఉన్నట్టుండి వాడు దొడ్డికి వెళ్ళడం మానేశాడు. అంతకుముందు రోజుకి నాలుగైదు సార్లు వెళ్ళేవాడు. ఒకరోజు లేదు, రెండోరోజు లేదు, నాలుగోరోజూ లేదు. పోనీ ఊరుకుంటాడా అంటే లేదు, తెల్లవారుజామున మొహం టమాటా పండులా చేసుకుని, కాళ్ళు కడుపులోకి ముడుచుకుని, మూలుగుతూ పది నిమిషాలు ముక్కుతాడు. ఆ తర్వాత ఏడుపు. వచ్చేది మాత్రం గాలే.

ఇంట్లో ఎవరి వైద్యం వాళ్ళకుంది. మా అత్తగారు ఇంగువ నీళ్ళలో అరగదీసి బొడ్డు చుట్టూ రాశారు. ఎదురింటావిడ వచ్చి వామునీళ్ళు పట్టమంది. ఆవిడ తోడికోడలు వసకొమ్ము సానరాయి మీద అరగదీసి తల్లిపాలతో ఉగ్గుగిన్నెలో పట్టమంది, మాటలు కూడా తొందరగా వస్తాయని బోనస్. (వాగుడుకాయల్ని వసపిట్ట అనేది ఇందుకే.) మందులషాపులో అడిగితే సమాధానం తెలిసిందేగా, గ్రైప్ వాటర్. టీవీలో అమ్మమ్మకి అమ్మమ్మ కూడా అదే చెప్పింది కదా మరి.

నా వైద్యం గూగుల్. రాత్రి రెండింటికి బాల్కనీలో నిలబడి, ఎదురుగా రిఫైనరీ మంట చూస్తూ ఫోనులో వెతకడం. దానివల్ల తేలింది ఏమిటంటే, ఏదీ పట్టకూడదని. ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలు తప్ప మంచినీళ్ళు కూడా వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది, డాక్టరు రాసిన మందులు తప్ప. గ్రైప్ వాటర్ కథ కూడా తమాషాగా ఉంది. 1851లో ఇంగ్లండులోని నాటింగ్‌హామ్‌లో విలియం వుడ్‌వర్డ్ అనే మందులాయన తయారుచేశాడట. అప్పటి సీసాలో సోపు జాతి గింజల నూనె, సోడా, పంచదారతో పాటు ఆల్కహాలు కూడా ఉండేది. పిల్లాడు తాగి హాయిగా నిద్రపోయాడంటే పోడూ మరి! తర్వాత ఆల్కహాలు తీసేశారనుకోండి. వస సంగతి ఇంకా ఘోరం. అందులో ఉండే ఒక పదార్థం ఎలకల్లో కణుతులు పుట్టించిందని అమెరికాలో 1968లోనే తిండిపదార్థాల్లో వాడకూడదన్నారు. తేనె అయితే ఏడాది నిండేదాకా ముట్టించకూడదు. అందులో ఉండగల ఒక రకం బాక్టీరియా పసివాళ్ళ పేగుల్లో విషం తయారుచేస్తుంది, కండరాలు చచ్చుబడతాయి.

ఇవన్నీ పొద్దున్నే కాఫీ దగ్గర ప్రెజెంటేషన్ ఇచ్చాను. ఎవరూ పట్టించుకోలేదు.

అయిదోరోజు పొద్దున పాలకొండ వైపు పల్లె నుంచి మా ఆవిడ అమ్మమ్మ గారు దిగారు. ఆవిడకి ఎనభై దాటాయి. పిల్లాడి పొట్ట తడిమి చూసి, ఒక్క మాట మాట్లాడకుండా తమలపాకు తొడిమ తెంపి ఆముదంలో ముంచారు. ఏం చెయ్యబోతున్నారో నాకు అర్థం కావడానికి ఒక నిమిషం పట్టింది. అర్థమయ్యాక వెళ్ళి పిల్లాణ్ణి ఎత్తేసుకున్నాను.

"ఏటి బాబూ, ఏటయిపోద్ది? మా పిల్లలందరికీ ఇదే సేసినాం. అందరూ బతికే ఉన్నారు కదా."

"అందరూ బతికారా అమ్మమ్మగారూ?" అన్నాను. నిద్రలేని బుర్రతో, వాదనలో గెలవడానికి, ఏమీ తెలియకుండా అన్నమాట అది. ఆవిడ తొడిమ పళ్ళెంలో పెట్టేసి లేచి లోపలికి వెళ్ళిపోయారు. మా అత్తగారు నావైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తే.

సాయంత్రం గాజువాకలో పిల్లల డాక్టరు గారి దగ్గరికి వెళ్ళాం. పిలవకుండానే అమ్మమ్మగారు కూడా ఆటో ఎక్కి కూర్చున్నారు.

డాక్టరు గారు నేననుకున్నట్టు ఎన్ని రోజులైంది అని మొదలుపెట్టలేదు. పుట్టాక తారులా నల్లగా వచ్చే మొదటి దొడ్డి ఎప్పుడు వచ్చింది అన్నారు. మొదటిరోజే వచ్చిందని మా ఆవిడ చెప్పింది. పచ్చగా, ఆకుపసరులా వాంతులయ్యాయా? లేదు. పాలు మానేశాడా? లేదు, వదలడమే లేదు. జ్వరం? రక్తం? లేదు. రోజుకి ఎన్నిసార్లు ఉచ్చ పోస్తున్నాడు? ఏడెనిమిది. పొట్ట నొక్కి చూశారు, మెత్తగానే ఉంది. బరువు తూచారు, బాగానే పెరిగాడు. డబ్బా పాలు పడుతున్నారా అని కూడా అడిగారు. పడితే డబ్బా మీద రాసిన కొలత ప్రకారమే కలపాలట. చిక్కగా ఉంటే కడుపు నిండుతుందని ఒక చెంచా ఎక్కువేసేవాళ్ళున్నారట, నిజం మలబద్ధకం వచ్చేది అక్కడే. మేము పట్టడంలేదు.

"ఇది మలబద్ధకం కాదు" అన్నారు. తల్లిపాలు తాగే పిల్లలు నెల దాటాక నాలుగైదు రోజులు, ఒక్కోసారి వారం కూడా వెళ్ళకపోవచ్చట. వచ్చినప్పుడు మెత్తగా వస్తే చాలు. గులకరాళ్ళలా గట్టిగా వస్తే అప్పుడు ఆలోచించాలి. మొదటి నెలలో మాత్రం ఇలా ఆగిపోతే పాలు చాలుతున్నాయో లేదో చూపించుకోవాలి. మరి ఆ ముక్కడం, ఏడవడం? దానికి ఇన్‌ఫెంట్ డిస్కీజియా అని పేరుందట. కడుపుతో నెట్టడం వచ్చింది గానీ, అదే టైముకి కింద కండరాలు వదలడం వాడికింకా రాలేదు. కొన్ని వారాల్లో వాడే నేర్చుకుంటాడు. తొడిమలూ సబ్బుముక్కలూ పెడితే లోపల గాయమవుతుంది, పైగా అవి లేందే వెళ్ళడం నేర్చుకోడు. ఆముదం నోట్లో పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా వచ్చే ప్రమాదం ఉంది.

మందు రాయలేదు. నిజం చెప్పొద్దూ, నాకు కొంచెం నిరాశే. ఫీజు ఇచ్చి ఖాళీ చీటీ తెచ్చుకుంటే ఎలా?

లేవబోతుంటే అమ్మమ్మగారు అడిగారు. "బాబూ, నా పెద్ద గుంటడికి ఆ నల్లది రానేదు. నాలుగు దినాలు సూసినాం. పొట్ట తప్పెటలాగ ఉబ్బిపోనాది. పచ్చగా కక్కుకున్నాడు. నాను తొడిమ ఎట్టినాను. ఆముదం కూడా ఎట్టినాను. అయిదో దినం పోనాడు. నా సేత్తో నానే..."

అక్కడితో ఆగిపోయారు. మా ఆవిడ నోరు తెరుచుకుని చూస్తోంది. దానికి కూడా ఈ సంగతి తెలీదు.

డాక్టరు గారు కుర్చీ ముందుకి జరుపుకున్నారు. "చూడకుండా గట్టిగా చెప్పలేను మామ్మగారూ. కానీ రెండు రోజులైనా నల్లది రాకపోవడం, పచ్చ వాంతులు, పొట్ట ఉబ్బడం... ఇవి తొడిమ వల్ల వచ్చినవి కావు. మీరు పెట్టకముందే ఉన్నాయి. కొందరికి పుట్టుకతోనే పేగు చివర్లో నరాలు ఉండవు, అక్కడ పేగు కదలదు. కొందరికి పేగు మెలిపడుతుంది. ఇప్పుడైతే ఆపరేషన్ చేస్తాం. అప్పట్లో మీ ఊళ్ళో మీరేం చెయ్యగలరు?"

ఆ నరాలు లేని జబ్బుకి హిర్ష్‌స్ప్రంగ్ అని పేరు. డెన్మార్క్ పిల్లల డాక్టరు ఒకాయన 1886లో దాని గురించి చెప్పాడు. సుమారు అయిదువేల మందిలో ఒకరికి ఉంటుందట. ఇది ఆ రాత్రి చదివాను. చదువుతూ, పొద్దున నేనన్న మాట తలుచుకుంటే ఒళ్ళు చచ్చిపోయింది. ఆవిడ తొడిమ ముంచింది మూఢనమ్మకంతో కాదు. మెత్తటి పొట్టని తడుముతూ అరవయ్యేళ్ళ కిందటి గట్టి పొట్టని తలుచుకుంది. వెళ్ళి కాళ్ళ దగ్గర కూర్చుని తప్పయింది అన్నాను. "పోనీ బాబూ, పడుకో" అన్నారంతే.

షిప్‌యార్డులో పైపు ఫిట్టరుగా రిటైరైన మా మామగారికి డిస్కీజియా అంటే ఏమిటో నేను పావుగంట వివరించాను. ఆయన విని, "అంటే పంపు ఆన్ చేశాడు, వాల్వు తియ్యడం మరిచిపోయాడు. కొత్త హెల్పరు అంతే" అని పేపరు తిప్పారు. దీన్ని మించిన డాక్యుమెంటేషన్ నాకు ఇంటర్నెట్టులో దొరకలేదు.

మర్నాటి నుంచీ అమ్మమ్మగారే వాడికి స్నానం. ముక్కాలిపీట మీద కూర్చుని, కాళ్ళు చాపి, వాటి మీద వాణ్ణి బోర్లా పడుకోబెట్టి వీపు రాయడం, వెల్లకిలా తిప్పి మోకాళ్ళు పొట్టకేసి మెల్లగా సైకిలు తొక్కించడం. డాక్టరు గారు చెయ్యమన్నది సరిగ్గా అదే. ఆవిడకి ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

ఏడోరోజు తెల్లవారుజామున నాలుగున్నరకి వాడు నా భుజం మీద ఉండగా ఒక్కసారి ఒళ్ళు వదిలేశాడు. వారం రోజుల బాక్‌లాగ్ మొత్తం, ఆవపిండి రంగులో, మెత్తగా. డయపరు చాలలేదు. నా బనియను, లుంగీ, కింద చాప. ఇంట్లో లైట్లన్నీ వెలిగాయి. అందరూ వచ్చి చుట్టూ నిలబడి ఆ రంగు చూసి మురిసిపోయారు.

"సూసినారా, ఇంగువ పనిసేసింది" అన్నారు అమ్మమ్మగారు.

ఈసారి నేను మాట్లాడలేదు.