గోడవతల బుల్లెట్టు

పిన్నిగారూ, ఒక్క నిమిషం గోడ దగ్గరికి రండి. మీ అబ్బాయి బండి గురించే. చప్పుడు మాట తరవాత చూద్దాం, ముందు ఇంజను సంగతి చెప్పాలి. నాకు ఆ బాధే ఎక్కువగా ఉంది.

నిన్న సాయంత్రం సందు మలుపులో ఎక్సలేటర్ వదలగానే టప్ టప్‌మని పేలింది చూశారా? కుర్రాడు కావాలని చేస్తున్నాడని మీరు కేకలేశారు. వాడు చేసింది కాదది. కొత్త సైలెన్సర్ బిగించి, కార్బొరేటర్ జోలికి వెళ్ళలేదు. ఇంజనుకి పెట్రోలు చాలడం లేదు.

బాబాయిగారి చేతి బండి అది. 346 సీసీ క్యాస్ట్ ఐరన్ బుల్లెట్, గేరు కుడికాలి వైపు. అలాంటి ఇంజన్లు ఇక తయారవవు. కంపెనీ సైలెన్సర్లో పొగ మలుపులు తిరిగి, మెత్తబడి బయటికొస్తుంది. ఈ కొత్తది దాదాపు ఖాళీ గొట్టం. పొగ ఇట్టే పోతుంది, దాని వెనకే గాలి ఎక్కువగా లోపలికి జొరబడుతుంది. కార్బొరేటర్లో పెట్రోలు వదిలే జెట్లేమో పాత సైలెన్సర్‌ లెక్కకి పెట్టినవి. ఒక గ్రాము పెట్రోలు పూర్తిగా కాలడానికి 14.7 గ్రాముల గాలి కావాలి. గాలి పెరిగినంతగా పెట్రోలు పెరగకపోతే ఆ లెక్క తప్పుతుంది. దాన్నే మెకానిక్కులు లీన్ అంటారు. లోపల సరిగా అంటుకోని ఆవిరి వేడి పైపులోకి వెళ్ళి అక్కడ పేలుతుంది.

పైగా ఇప్పుడు బంకుల్లో పోసే పెట్రోల్లో 20 శాతం ఇథనాల్. అందులో ఆక్సిజన్ కలిసే ఉంటుంది కాబట్టి, పాత జెట్లున్న బండి సైలెన్సర్ మార్చకముందే కొంత లీన్‌గా నడుస్తూంటుంది. ఈ గొట్టంతో అది రెట్టింపు బాధ.

లీన్‌గా నడిచే బండి మొదట్లో హుషారుగానే ఉంటుంది, అదే ప్రమాదం. నా పాత బండికి ఇలాగే జరిగింది. సైలెన్సర్ మార్చిన మెకానిక్కు మెయిన్ జెట్ తీసి, బ్రేకు వైరు పోగుతో రంధ్రం రాకి పెద్దది చేశాడు. జెట్టు ఇత్తడిది, మెత్తన. కొలత లేకుండా ఎటో గీసుకుపోయింది. ఒక చోట పెట్రోలు ఎక్కువ, ఇంకో చోట తక్కువ. పొగ వాల్వు కాలిపోయి హెడ్డు విప్పించాల్సి వచ్చింది. అందుకే మీ అబ్బాయికి గట్టిగా చెప్పండి: జెట్టు మార్చాలి, రాకకూడదు. జెట్టు మీద అంకె చెక్కి ఉంటుంది. అంకె పెరిగితే రంధ్రం పెద్దది. ఇప్పుడున్నదానికి పైది ఒకటి, ఆపైది ఒకటి కొనుక్కుంటే చాలు.

అంతకంటే ముందు బెండు పైపు హెడ్డుకి బిగించిన చోట పొగ కారుతోందేమో చూడాలి. అక్కడ సందుంటే బయటి గాలి లోపలికి లాగి, కార్బొరేటర్ బాగున్నా టపటపలాడుతుంది. కార్బొరేటర్‌కీ హెడ్డుకీ మధ్య గాలి లీకైనా అంతే. ఈ రెండూ చూడకుండా స్క్రూలు తిప్పేవాణ్ణి నేను నమ్మను.

అవి బాగుంటే అయిదారు కిలోమీటర్లు నడిపి, ఇంజను వేడెక్కాక మొదలుపెట్టాలి. ఈ బండికి ఉన్నది మిక్‌కార్బ్ వీఎం 24. ఎయిర్ స్క్రూని నెమ్మదిగా పూర్తిగా బిగించి, ఒకటిన్నర చుట్లు వెనక్కి తిప్పాలి. అక్కణ్ణుంచి పావు చుట్టు అటూ ఇటూ తిప్పుతూ వింటే, ఒక చోట ఇంజను నికరంగా, కాస్త వేగంగా ఆడుతుంది. అదే దాని చోటు. ఈ స్క్రూ లోపలికి తిప్పితే పెట్రోలు పాలు పెరుగుతుంది. తరవాత వచ్చిన కొన్ని బుల్లెట్లలో వ్యవహారం తిరగబడింది, అక్కడ బయటికి తిప్పితేనే పెరుగుతుంది. స్క్రూ పూర్తిగా లోపలికి పోతే తప్ప ఇంజను కుదుటపడకపోతే పైలట్ జెట్ చిన్నదైందన్నమాట.

నడుమ వేగంలో వెలితి ఉంటే అది నీడిల్ పని. నీడిల్‌కి అయిదు గాళ్ళు, ఒక క్లిప్పు ఉంటాయి. క్లిప్పు ఒక గాడి కిందికి దించితే నీడిల్ పైకి లేచి పెట్రోలు ఎక్కువొస్తుంది. పూర్తిగా ఎక్సలేటర్ ఇచ్చినప్పుడు బండి ఆగి ఆగి లాగితే అప్పుడు మెయిన్ జెట్. ఏదైనా ఒక్కటే మార్చి, నడిపి చూసి, ఆ తరవాతే రెండోది. మూడూ ఒకేసారి మారిస్తే ఏది బాగుచేసిందో, ఏది పాడుచేసిందో తెలియదు. సాక్ష్యం ప్లగ్గు చెబుతుంది. బిస్కెట్ రంగులో ఉంటే బాగున్నట్టు. సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంటే లీన్, మసి పట్టి నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువ.

ఇంకోటి పిన్నిగారూ, రోహిణి కార్తెలో కుదిరిన బండి ధనుర్మాసం తెల్లవారుజామున కాస్త లీన్ అవుతుంది. చల్లగాలి చిక్కన కదా. మరీ అంచుకి సర్దకుండా కొంచెం పెట్రోలు వైపే ఉంచమనండి. ఎయిర్ ఫిల్టర్ తీసేయమని ఎవరైనా సలహా ఇస్తే వినొద్దనండి, దుమ్ము సిలిండర్ని అరగదీస్తుంది.

ఇక చప్పుడు. 175 సీసీ దాటిన బండ్లకి హద్దు 80 డెసిబెల్స్. దాటితే పదివేల రూపాయల దాకా జరిమానా పడొచ్చు, లైసెన్సు మూడు నెలలు ఆగొచ్చు. ఎదురింటి తాతగారికి రాత్రి నిద్ర పట్టడం లేదు, అది జరిమానా కంటే పెద్ద మాట. ఈ ఖాళీ గొట్టాన్ని కార్బొరేటర్ సర్దినా మన వీధికి సరిపడేలా చేయలేం.

ఆదివారం పొద్దున రమ్మనండి, దగ్గరుండి చూస్తాను. కొత్త ప్లగ్గు ఒకటి తెచ్చుకోమనండి. పాత సైలెన్సర్ అటక మీదే ఉందన్నారుగా, దాన్ని మాత్రం పాత సామాన్లవాడికి వేసేయకండి. దాన్నే మళ్ళీ బిగించి ఒకసారి నడిపిస్తాను.