సన్నసెగ మీద మాంసరసం

ఇంగ్లీషు ‘సూప్’ను మన సంస్కృత ‘సూప’ శబ్దంతో ముడివేసి సంబరపడే మిత్రులు నాకు చాలామంది ఉన్నారు. వినడానికి ముచ్చటగానే ఉంటుంది గానీ అది తేలిన మాట కాదు. సంస్కృతంలో సూపమంటే పప్పు. అందుకే వంటవానికి సూపకారుడని పేరు. అమరకోశం వల్లించిన వారందరికీ తెలిసిన మాటే. ఇంగ్లీషువారి సూప్ జర్మానిక్ మూలం గలది. పులుసులో నానవేసిన రొట్టెముక్కను చెప్పే మాట ఫ్రెంచి మీదుగా అక్కడికి చేరింది. రెంటికీ చుట్టరికం ఉన్నదని గట్టిగా చెప్పలేము. మాంసాన్ని ఉడికించి తీసిన సారానికి మన పెద్దలు వాడిన మాట మాంసరసం. చిక్కిపోయినవారికి అది బలకరమని చరకసంహిత చెబుతుంది. మూడు నెలలుగా మా ఇంట వారానికి రెండుసార్లు తయారవుతున్నది ఈ మాంసరసమే, బంగాళాదుంపలతో సహా.

తెలుగు పండితుడనగానే పప్పూ నెయ్యీ తప్ప మరొకటి ఎరుగడనుకునేవారున్నారు. భాషాప్రవీణ పట్టానికీ భోజనానికీ సంబంధం లేదని మనవి. విరాటుని కొలువులో వంటవాడుగా చేరిన భీముడు, అదే మన తిక్కనగారి వలలుడు, పప్పు ఒక్కటే వండి ఊరుకున్నాడంటే నేను నమ్మను.

కార్తికమాసంలో మా ఆవిడ పెరటి గచ్చు మీద జారిపడింది. తుంటి ఎముక విరిగింది. శస్త్రచికిత్స బాగానే జరిగింది, ఇంటికి తీసుకొచ్చుకున్నాము. అసలు కష్టం ఆ తరువాత మొదలయింది. ఆమె తినడం మానేసింది. రెండు ముద్దలు నోట పెట్టుకుని “చాలండీ, సయించడం లేదు” అని కంచం పక్కకు జరిపేది. మాంసకృత్తులు బాగా అందకపోతే కండ పట్టదని, కండ పట్టకపోతే నడక రాదని వైద్యుడు స్పష్టంగానే చెప్పాడు. గుడ్డు పెడితే వాసనన్నది. కోడికూర పెడితే నమలలేనన్నది. రాత్రివేళ పక్క మంచం మీద పడుకుని ఆమె ఊపిరి వింటూ ఉండేవాణ్ణి. మనిషి మళ్లీ నడవదేమోనన్న భయం ఒకటి. నడవాలన్న కోరికే ఆమెలో ఇంకిపోతున్నదేమోనన్న భయం అంతకంటె పెద్దది.

వంట నాకు కొత్త కాదు గానీ తీరిక కొత్త సమస్య అయింది. ఉద్యోగ విరమణ చేసినవానికి తీరిక లేకపోవడమేమిటని నవ్వకండి. మంచం మీద ఉన్న మనిషిని లేవదీయాలి, కూర్చోబెట్టాలి, మందులు వేళకు ఇవ్వాలి, కాలు కదిలించే వ్యాయామాలు పూటపూటకూ చేయించాలి. పొయ్యి దగ్గర అరగంట నిలబడితే ఆ గదిలోనుంచి పిలుపు వస్తుంది. ప్రెషర్ కుక్కరు పెడదామంటే, రాత్రంతా నొప్పితో మేలుకుని పగలు ఒక్క కునుకు తీసే మనిషి మొదటి కూతకే ఉలిక్కిపడి లేస్తుంది. ముప్పయ్యారేళ్లు నా బడి గంటకు సరిగ్గా అన్నం అందించింది ఆ కుక్కరే. దాని మీద నాకు ద్వేషమేమీ లేదు. ఇప్పటి అవసరానికి అది పనికిరాలేదు, అంతే.

డల్లాసులో ఉండే మా అమ్మాయి తల్లిని చూడడానికి వస్తూ అమెరికావారు స్లో కుక్కరని పిలిచే పింగాణీ పాత్రను పెట్టెలో చీరల మధ్య చుట్టి తెచ్చింది. అక్కడి విద్యుత్తు 120 వోల్టులు, మనది 230. నేరుగా తగిలిస్తే మాడిపోతుంది. బీసెంట్ రోడ్డులో వాకబు చేసి, వోల్టేజి తగ్గించే ట్రాన్స్‌ఫార్మరొకటి కొని తెచ్చాము. పాత్ర అడుగున ఉన్న చీటీ మీద 210 వాట్లని రాసి ఉంది. ఎనిమిది గంటలు ఉంచినా రెండు యూనిట్లు దాటదు.

“పొద్దున్నే పడేసి మర్చిపోండి నాన్నగారూ” అన్నది అమ్మాయి. ఆ మాట వినగానే దీని పుట్టుక తెలుసుకోవాలనిపించింది. దీన్ని రూపొందించినవాడు షికాగోకు చెందిన ఇర్వింగ్ నాక్సన్ అనే యూదుడు. 1940లో దానికి పేటెంటు పొందాడు. లిథువేనియాలోని విల్నియస్‌లో తమవాళ్లు చేసుకునే చోలెంట్ అనే వంటకం గురించి ఇంట్లో విన్న కబుర్లే అతనికి ప్రేరణ. శుక్రవారం సూర్యాస్తమయం మొదలు శనివారం చీకటి పడేదాకా యూదులు నిప్పు రాజేయరు, వంట చేయరు. అందుచేత మాంసం, చిక్కుడుగింజలు, బార్లీ, బంగాళాదుంపలు కుండలో వేసి, శుక్రవారం సాయంత్రమే ఊళ్లోని రొట్టెలబట్టీలో పెట్టి వచ్చేవారు. ఆరుతున్న బట్టీ వేడికి అది రాత్రంతా మగ్గి మరునాటికి భోజనమయ్యేది. నాక్సన్ వ్యాపారాన్ని 1970లో రైవల్ అనే కంపెనీ కొని, 1971లో క్రాక్ పాట్ అనే పేరుతో విడుదల చేసింది. ఉద్యోగాలకు వెళ్లే అమెరికా ఆడవాళ్లు దాన్ని నెత్తిన పెట్టుకున్నారు.

ఇదంతా చదువుతుంటే నాకు పామర్రుకు ఆవల ఉన్న మా ఊరి దొడ్డి కళ్లకు కట్టింది. సన్నసెగ అనగానే మనవారికి మొదట గుర్తొచ్చేది దాలి. నేలలో తవ్విన గుంటలో పిడకలు పేర్చి, నిప్పు రాజేసి, పాలకుండ పెడితే పొద్దున పోసిన పాలు సాయంత్రానికి ఎర్రగా కాగి, మందపాటి మీగడ కట్టేవి. ఆ దాలి దరిదాపులకు మా అమ్మ నీసును రానిచ్చేది కాదు. మాంసానికి వేరే కుండ, వేరే చోటు. కొట్టం పక్కన ఊకపొయ్యి ఉండేది. డెల్టాలో ధాన్యం మరలున్నంత కాలం ఊకకు కరువేమిటి? అది భగ్గున మండదు, అంత తొందరగా ఆరదు. లోలోపల రాజుకుంటూ ఉంటుంది. నివురు గప్పిన నిప్పు అనే మాటకు అర్థం నాకు బడిలో చెప్పనక్కరలేకపోయింది.

ఊళ్లో వేటను కోసి పోగులు పెట్టిన నాడు, అందులోనూ అవి ఊడ్పుల రోజులయితే, అమ్మ తెల్లవారకముందే బొమికలూ కాళ్లూ కుండలో వేసి, నీళ్లు పోసి, మూకుడు మూసి, ఆ పొయ్యి మీద పెట్టి చేలోకి వెళ్లిపోయేది. మోకాలి లోతు బురదలో పగలంతా వంగి నాట్లు వేసి, సాయంత్రం కాలువలో కాళ్లు కడుక్కుని వచ్చేసరికి కుండ సిద్ధంగా ఉండేది. చింతపండు పిసికి పోసి తాలింపు వేయడమే తరువాయి. ఈ నెమ్మది వంటను తీరుబడి గలవారి విలాసమని ఈమధ్య కొందరు పొగుడుతున్నారు. నాకు తెలిసినంతలో అది తీరుబడి లేనివారిది. చేయి మరొకచోట అవసరమైన మనిషి కుండను నిప్పుకు అప్పగించి వెళుతుంది. విల్నియస్ ఇల్లాలయినా, మా అమ్మయినా, ఇప్పుడు నేనయినా.

చేసే పద్ధతి చెబుతాను. అరకిలో వేటమాంసం, ముందుకాలుదయితే మంచిది, మూలుగ ఉన్న బొమికలతో సహా తీసుకోవాలి. ముక్కలను మూకుడులో కాస్త నూనెతో ఎర్రబడేదాకా వేయించాలి. ఆ పాత్రలో వేడి నీళ్లు మరిగే స్థాయిని దాటదు గనుక వేగిన రంగూ కమ్మదనమూ అందులో రావు. ముందుగా మనమే తెచ్చిపెట్టాలి. దుంపలను పెద్ద ముక్కలుగా కోసి అడుగున పరవాలి. ఈ పాత్రలో మాంసం కన్న దుంపలకే ఎక్కువ సమయం పట్టడం వింతయినా నిజం. పైన మాంసం, చిన్న ఉల్లిపాయలు, అల్లం వెల్లుల్లి, పసుపు, ధనియాలు, దంచిన మిరియాలు వేసి, ముక్కలు మునిగీ మునగనట్టు వేడినీళ్లు పోయాలి. నీరు ఆవిరిగా పోదు కాబట్టి ఎక్కువ పోస్తే నీళ్లచారే మిగులుతుంది. తక్కువ వేడి మీద ఎనిమిది గంటలు. కండల మధ్య ఉండే తెల్లని పీచు ఆ వేడికి గంటల తరబడి కరిగి జెలటిన్‌గా మారుతుంది. మిగిలిన రసాన్ని ఫ్రిజ్‌లో పెడితే మరునాటికి తాటిముంజలాగా వణుకుతూ గడ్డకడుతుంది. అలా కట్టిందంటే సారం దిగిందన్నమాట.

పులుపు మాత్రం చివరనే. పులుపు తగిలిన దుంప ఎంతసేపటికీ మెత్తబడదు. మా ఆవిడకు నిమ్మరసం పిండి, దుంపముక్కలు రెండు అందులోనే మెదిపి ఇస్తాను. రసం చిక్కబడుతుంది, నమిలే పని తప్పుతుంది. మంచుగడ్డగా ఉన్న మాంసాన్ని నేరుగా వేయకూడదు; వేడెక్కడం ఆలస్యమై క్రిములు పెరుగుతాయి. రాజ్మా వేయదలచినవారు నానబెట్టి, విడిగా పది నిమిషాలు తెర్లించాకే వేయాలి. అందులోని విషం ఈ సన్నవేడికి చావదు. ఇంకొక్క నియమం: మూత తీయకూడదు. తీసిన ప్రతిసారీ పోయిన వేడి తిరిగి రావడానికి అరగంట పడుతుంది.

దుంప గురించి ఒక్క మాట. పేరులోనే బంగాళాదేశపు చిరునామా పెట్టుకుని వచ్చింది. చిత్తూరు వైపు ఉర్లగడ్డ, తెలంగాణలో ఆలుగడ్డ. మన డెల్టా నల్లరేగడిలో ఇది పండదు; పటమట రైతుబజారులో నేను కొనేది కూడా ఆగ్రా నుంచి లారీలెక్కి వచ్చినదే. దీని అసలు పుట్టిల్లు దక్షిణ అమెరికా; మన మిరపకాయ కూడా అమెరికా ఖండాల నుంచి వచ్చినదే. మిరపను సొంతబిడ్డను చేసుకున్నాము, దుంపకు మాత్రం ఇంకా పొరుగూరి పేరే.

మొదటి వారం మా ఆవిడ నాలుగు చెంచాలు తాగింది. రెండో వారానికి గిన్నెడు. ఆ తరువాత మూలుగ బొమిక అడిగి తీసుకుని చప్పరించడం మొదలుపెట్టింది. నేను కిటికీ వైపు తిరిగి పత్రిక చదువుతున్నట్టు కూర్చున్నాను.

మొన్న ఆదివారం మధ్యాహ్నం వసారాలో కూర్చుని ఉండగా లోపల వాకరు చప్పుడయింది. వెళ్లి చూద్దును గదా, ఆమె ఎవరి సాయమూ లేకుండా వంటింటి గడప దాటి, ఒక చేత్తో గట్టు పట్టుకుని, రెండో చేత్తో పాత్ర మూత ఎత్తి వాసన చూస్తున్నది.

“మీ అమ్మగారి కుండలో ఊక పొగ వాసన ఉండేది. ఇందులో అది లేదండీ,” అన్నది. “ఉప్పు కూడా తగ్గింది.”

మూత మూసి, మరో అరగంట కలిపాను.