సెలయేటి వెంట

పెరూ దేశమున జర్మను దంపతులకు జన్మించిన యూలియానె కోప్కె 2011లో ప్రకటించిన స్వానుభవ గ్రంథమును మేము చదివితిమి. 1971 డిసెంబరు 24న పిడుగుపాటున విమానము విచ్ఛిన్నమై 91 మంది మరణించిరి. వారిలో ఆమె తల్లియు నుండెను. సుమారు 3 కిలోమీటర్ల ఎత్తునుండి అమెజాను అడవిలో పడిన ఆ 17 ఏండ్ల బాలిక యొక్కతెయే బ్రతికెను. కండ్లద్దములు పోయినవి; ఒక కాలికే చెప్పు మిగిలినది; కొన్ని మిఠాయిలే ఆహారము. నీరు పారు దారిని పోయినచో జనావాసము చేరవచ్చునని తండ్రి నేర్పిన పాఠమును నమ్మి ఆమె సెలయేటి వెంట నడచెను. పదునొకండవ దినమున కలప కొట్టువారు కనబడగా, తన కథను స్పానిషు భాషలో చెప్పుకొనెను. ఇంట తెలుగు, వీధిలో కన్నడము పలుకు మాకు ఈ గ్రంథము ఆత్మీయమైనది. ఇంట నేర్చినది ఆమెకు దారి చూపెను. ఆ దేశపు భాష ఆమెను మనుష్యులతో చేర్చెను. మాకును రెండును కావలయును.