రోడ్డే రన్‌వే... రన్‌వేనే రేస్ ట్రాక్!

పత్తి, మిరప పండే నేల. దాని మీదుగా చెన్నైకి సాగిపోయే రహదారి. ఆ దారి పట్టుకుని చివరిదాకా వెళితే, డొక్కు కార్లు పందెం కోళ్లయిన కథ కనిపిస్తుంది.

గుంటూరు దాటి చిలకలూరిపేట మీదుగా ఒంగోలు వైపు వెళ్తుంటే రెండుపక్కలా నల్లరేగడి చేలే. వానలు వెనకబట్టాక పత్తి తెల్లగా విచ్చుకుంటుంది. ఫిబ్రవరి వచ్చేసరికి కళ్లాల్లో మిరపకాయలు ఎర్రగా పరుచుకుంటాయి. ఆ ఘాటుకి కారు అద్దాలు ఎత్తుకోవాల్సిందే!

మార్టూరు దాటి ఇంకొంత ముందుకెళ్లాక, రేణంగివరం - కొరిశపాడు మధ్య ఉన్నట్టుండి దారి తీరు మారిపోతుంది. గీత గీసినట్టు తిన్నగా నాలుగు కిలోమీటర్ల పైచిలుకు కాంక్రీటు. వెడల్పు 33 మీటర్లు. ఒకప్పుడు ప్రకాశం జిల్లాలో ఉండి, 2022లో బాపట్ల జిల్లాలో చేరిన ఈ ముక్క పేరుకే జాతీయ రహదారి. అవసరమైతే విమానాలు దిగడానికి కట్టిన రన్‌వే ఇది. 2022 డిసెంబరు 29న వాయుసేన ఇక్కడ మొదటిసారి ట్రయల్ చేసింది. 2024 మార్చి 18న ఏఎన్-32, డోర్నియర్ విమానాల చక్రాలు నిజంగానే ఈ రోడ్డును తాకాయి. మిగతా రోజుల్లో మాత్రం మిరప టిక్కీల లారీలు, పత్తి ట్రాక్టర్లు, బస్సులు... అన్నీ దీని మీదే.

ఇంత చక్కటి దారి కనిపిస్తే కుర్రకారు కాలు ఊరుకుంటుందా? అదే అసలు చిక్కు. ముందు పోయే ట్రాక్టరుకి వెనక లైటు ఉంటుందో ఉండదో తెలీదు. రాంగ్ రూట్లో ఎదురొచ్చే మోటార్ సైకిల్ ఎక్కణ్నుంచి ఊడిపడుతుందో అసలే తెలీదు. అనుమతి లేకుండా రోడ్డు మీద పందేలు వేయడం మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ కింద నేరం కూడా. మరి వేగం మీద మోజున్నవాళ్లు ఎక్కడికి పోవాలి?

దానికి సమాధానం ఇదే రోడ్డు మీద ఉంది. కాకపోతే కొన్ని గంటల ప్రయాణం. ఒంగోలు, నెల్లూరు, సూళ్లూరుపేట దాటి, చెన్నై ఇంకో పాతిక ముప్పై కిలోమీటర్లుందనగా షోలవరం వస్తుంది. రెండో ప్రపంచయుద్ధం నాటి రన్‌వే ఉన్న ఊరు. యుద్ధం అయిపోయింది, విమానాలు వెళ్లిపోయాయి, కాంక్రీటు మిగిలింది. 1953లో పుట్టిన మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ కన్ను దాని మీద పడింది. కొరిశపాడులో రోడ్డు రన్‌వే అయితే, షోలవరంలో రన్‌వే రేస్ ట్రాక్ అయింది! దశాబ్దాల పాటు దేశంలో కారు రేసులంటే ముందుగా వినిపించిన పేర్లలో అదొకటి.

అక్కడ పరిగెత్తినవి ఏ కార్లనుకున్నారు? విదేశీ కార్ల దిగుమతి మీద బోలెడు ఆంక్షలున్న రోజులవి. దొరికినవాళ్లకు బయటి కార్లు దొరికాయి గానీ, చాలామంది చేతికందింది అంబాసిడర్, ఫియట్, స్టాండర్డ్ హెరాల్డ్. పెళ్లిళ్లకు పదిమందిని కుక్కుకుని వెళ్లిన బాపతు కార్లే. వాటినే ఊడదీసి, మళ్లీ బిగించి పందేనికి దింపారు. 80ల్లో బెంగళూరు సిపానీ వాళ్ల ఫైబర్ బాడీ డాల్ఫిన్ వచ్చింది. 848 సీసీ ఇంజిన్. చూడ్డానికి బొమ్మకారులా ఉండేది. రేసుల్లో మాత్రం అది బొమ్మ కాదు. బరువు తక్కువ కావడమే దాని బలం.

తీసేయడమే పని!

మన ఊళ్లలో పాత మారుతీ 800ని 'తయారు చేయించడం' అంటే ఏమిటి? కొత్త రంగు, కొత్త సీటు కవర్లు, పెద్ద హారన్, డిక్కీ నిండా స్పీకర్లు. రేసు వాళ్ల పద్ధతి దీనికి తలకిందులు. వాళ్లు ముందు తీసేయడం మొదలుపెడతారు. వెనక సీటు, కింద పరిచిన కార్పెట్, తలుపుల లోపలి అట్టలు, స్టెప్నీ, టేప్ రికార్డరు... బండి కదలడానికి అక్కర్లేనిదేదీ లోపల మిగలదు. అసలే 796 సీసీ, మూడు సిలిండర్ల చిన్న ఇంజిన్. దానికి బలం పెంచడం కంటే బరువు దించడం చవక.

ఆ తర్వాత తీసింది కాదు, పెట్టేది. ఉక్కు గొట్టాలను వంచి, అతికి, కారు లోపల ఒక పంజరం కడతారు. దాన్నే రోల్ కేజ్ అంటారు. బండి పల్టీ కొట్టినా పైకప్పు నడిపేవాడి నెత్తి మీద కూలకుండా ఆపేది అదే. ఒంటిని ఒడిసిపట్టే బకెట్ సీటు, రెండు భుజాల మీదుగా బిగించే బెల్టులు, హెల్మెట్, మంటలార్పే సిలిండరు. చేతిలో డబ్బు తక్కువుంటే ఇంజిన్ సంగతి తర్వాత చూసుకోవచ్చు గానీ, వీటిని వాయిదా వేయడానికి వీల్లేదు. పోటీకి ముందు తనిఖీ చేసేవాళ్లు మొదట చూసేవీ ఇవే. హైవే మీద రాత్రిపూట పందేలకు దిగే కార్లలో కనిపించనివీ ఇవే.

ఇక ఇంజిన్. సిలిండర్ హెడ్ అడుగు భాగాన్ని రవ్వంత గీయించి కంప్రెషన్ పెంచడం, కార్బొరేటర్ జెట్లు మార్చడం, సైలెన్సర్ దారి సాఫీ చేయడం, ఫ్లైవీల్ బరువు తగ్గించడం. స్ప్రింగులు పొట్టివి వేస్తే బండి నేలకు దగ్గరై మలుపుల్లో ఒరగదు. ఇదంతా రాకెట్ సైన్సేమీ కాదు. 'ఇంజిను బోరుకొచ్చింది' అని లారీ తోలుకెళితే విజయవాడ, గుంటూరు ఆటోనగర్లలో లేతు మీద రోజూ చేసే పనికి అటూ ఇటూనే. ట్రాక్టరు ట్రక్కులు అతికే చేతులకు రోల్ కేజ్ గొట్టాలు ఓ లెక్కా? కొలతలు మాత్రం నిబంధనల పుస్తకం చెప్పినట్టే ఉండాలి. మరోమాట... ఇలా మార్చిన కారును మామూలు రోడ్డు మీద తిప్పడానికి చట్టం ఒప్పుకోదు. అందుకే అది పోటీకి లారీ ఎక్కి వెళుతుంది, ఎద్దుల జతల్లాగే!

అన్నట్టు, పందెం రూల్స్ ఈ నేలకు కొత్తవేం కాదు. ఒంగోలు గిత్తల బండలాగుడు చూసినవాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. పాలపళ్లవి పాలపళ్ల వాటితోనే, రెండుపళ్లవి రెండుపళ్ల వాటితోనే. కార్లకు పళ్లుండవు కాబట్టి సీసీలు చూస్తారు. 800 సీసీ బండిని 1600 సీసీ బండితో ఒకే విభాగంలో కట్టరు. గెలిస్తే మీసం మెలేయడం మాత్రం రెండు చోట్లా ఒకటే.

కోయంబత్తూరు బంధం

ఈ ఆటను మధ్యతరగతి పిల్లల దాకా తెచ్చినవాడు కోయంబత్తూరు తెలుగువాడు కావడం ఇంకో విశేషం. తరతరాల కిందట తెలుగునేల నుంచి తరలి అక్కడ స్థిరపడిన కుటుంబాలు ముందు పత్తి పండించాయి, తర్వాత మిల్లులు పెట్టాయి. గుంటూరు పత్తి రైతుకీ ఆ ఊరితో చుట్టరికం ఉంది. పాత తరం వాళ్లు గొప్పగా చెప్పుకునే ఎంసీయూ-5 పత్తి రకం పుట్టింది కోయంబత్తూరులోనే, 1968లో. అలాంటి మిల్లుల కుటుంబంలో పుట్టినవాడు సుందరం కరివర్ధన్. అందరూ 'కరి' అనేవారు.

షోలవరంలో తనే రేసులు నడిపిన కరి, 80ల చివర్లో ఓ పని చేశాడు. మారుతీ 800 ఇంజిన్ తీసుకుని దాని చుట్టూ ఒంటిసీటు రేసు కారు కట్టాడు. విడిభాగాలు ఏ ఊరి మారుతీ షాపులోనైనా దొరుకుతాయి, మెకానిక్కుకి ఇంజిన్ కొత్త కాదు. ఒకటి కాదు, వరసగా ఒకేలాంటి కార్లు తయారుచేశాడు. అందరి కారూ ఒకటే కాబట్టి గెలుపు డబ్బుది కాక డ్రైవరుది అయింది. 'ఫార్ములా మారుతీ' అన్న ఆ కారుతోనే పదిహేనేళ్ల నారాయణ్ కార్తికేయన్ తొలి రేసుకి దిగాడు. 2005లో ఫార్ములా వన్‌లో పోటీపడ్డ తొలి భారతీయుడు ఆయనే.

అది చూడ్డానికి కరి లేడు. 1995లో విమాన ప్రమాదంలో పోయాడు. కోయంబత్తూరు దగ్గర చెట్టిపాళయంలో 2003లో మొదలైన ట్రాక్‌కు ఆయన పేరే పెట్టారు... కరి మోటార్ స్పీడ్‌వే. అదీ మొదట్లో మైక్రోలైట్ విమానాలను పరీక్షించడానికి వాడిన నేలే!

షోలవరం పందేలు చరిత్రలో కలిశాయి. 1990లో మద్రాస్ క్లబ్బు శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో సొంత ట్రాక్ కట్టుకుంది. మన వైపు చూస్తే 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ కార్లు తిరిగాయి, ఆ మరుసటి ఏడు రేసు రద్దయింది. పత్తి, మిరప నేల నుంచి ఎవరైనా పాత మారుతీని పందేనికి తయారుచేసుకుంటే, మోటార్ స్పోర్ట్స్ ఫెడరేషన్ లైసెన్సు తీసుకుని, కారును లారీ ఎక్కించి, తమిళనాడు దారి పట్టాల్సిందే. దారిలో కొరిశపాడు కాంక్రీటు మీదుగా వెళతారు. అక్కడ కారు లారీ మీదే ఉంటుంది. దించేది ఇరుంగాట్టుకోట్టైలో.