ఆట ముగిసిన మైదానము

ఇంగ్లండున క్రికెట్టు ఋతువు ఏప్రిలులో మొదలై సెప్టెంబరు కడపట ముగియును. పొద్దు కుఱుచయగును, పచ్చికపై మంచుతడి యారదు. కౌంటీ పోటీల తుదిలెక్కలు చదువునపుడు, పెండ్లివారు తరలిపోయిన యింటివలె నా మనస్సు వెలవెలబోవును.

అయినను ముగింపులన్నియు శోచనీయములు గావు. ‘జెంటిల్‌మెన్’, ‘ప్లేయర్సు’ అను పక్షముల నడుమ 1806లో పోటీలు మొదలయ్యెను. మొదటివారు వేతనము గొనని దొరలు. రెండవవారు కూలి కాడువారు. ఒకే కౌంటీ పక్షమున ఆడినను, పెక్కు మైదానములలో వీరికి గదులు వేఱు, ద్వారములు వేఱు. పంక్తిభేదము నెఱిగిన మనకిది వింత గాదు. 1962 సెప్టెంబరులో, ఋతువు చివర, స్కార్‌బరోలో జరిగినదే వారి కడపటి పోటీ. ఆ నవంబరులోనే కౌంటీలు ఆ భేదమును రద్దుచేయ నిశ్చయించెను. 1787లో పుట్టిన మేరిల్‌బోన్ క్రికెట్ క్లబ్బు స్త్రీలను సభ్యులుగా జేర్చుకొన నంగీకరించినదియు 1998 సెప్టెంబరులోనే. రెండువందల పదునొకండేండ్లు తలుపు మూసియుంచి, తుదకు తెఱచిరి!

ఆట ముగియగానే మైదానపు పనివారు అరిగిన నేలను గీకి, మట్టి పఱచి, గడ్డివిత్తులు చల్లుదురు. ఆట సాగుచుండగా నిది పొసగదు. చదువరులారా, ఋతువు ముగిసెనని నేను వగచుచునే యుందును. కాని నేలను బాగుచేయుటకు అదియే యదను.