అలాతచక్రము, నూట ఇరువది హెర్ట్జుల తెర: క్రొత్త ఫోను కొనుట యుక్తమా?

చీకటిలో కొరవిని గిరగిర త్రిప్పినచో అగ్నివలయము కనబడును. నిజమునకు నిప్పు ఒక్క బిందువే; వలయము చూపునకు తోచినది మాత్రమే. గౌడపాదాచార్యుల మాండూక్యకారికలలో నాల్గవదియైన అలాతశాంతి ప్రకరణమునకు ఈ దృష్టాంతము వలననే ఆ పేరు వచ్చినది. కొరవి తిరుగుచుండగా కనబడిన వంపులు వెలుపలి నుండి వచ్చినవి కావు. అది నిలిచినపుడు అవి వేరొక చోటికి పోవునవియు కావు. విజ్ఞానస్పందనమే గ్రాహ్యముగను గ్రాహకముగను భాసించుచున్నదని బోధించుటకు ఆచార్యులు ఈ ఉపమానమును గ్రహించిరి.

నేడు ప్రతి గృహస్థుని చేతిలోను ఒక అలాతచక్రము కలదు. ఫోను తెరపై ఏ బొమ్మయు నిజముగా కదలదు. ఒక నిశ్చలచిత్రము తొలగి, కొంచెము భేదము గల మరియొక నిశ్చలచిత్రము దాని స్థానమున నిలుచును. ఇట్లు తెర ఒక సెకనులో ఎన్నిమారులు క్రొత్తది అగునో ఆ సంఖ్యకే రిఫ్రెష్ రేటు అని పేరు. హెర్ట్జ్ దాని మానము. చలనచిత్రములకు 1920వ దశకము చివర శబ్దము వచ్చినది మొదలు సెకనుకు 24 చిత్రములు ప్రమాణమైనవి. స్మార్ట్‌ఫోను తెరలకు చాలకాలము 60 హెర్ట్జులు సామాన్యమై ఉండెను. 2019లో వన్‌ప్లస్ 7 ప్రో 90 హెర్ట్జులతోను, 2020లో శామ్‌సంగ్ గెలాక్సీ ఎస్20 శ్రేణి 120 హెర్ట్జులతోను వచ్చినవి. ఆపిల్ సంస్థ 2021లో ఐఫోన్ 13 ప్రో నమూనాలకు ఆ గుణమును చేర్చి, సాధారణ నమూనాకు 2025లో ఐఫోన్ 17తో ఇచ్చినది. ఇప్పుడు మన దేశమున పదిహేనువేల రూపాయల లోపు ఫోనులలో సైతము 120 అను సంఖ్య పెట్టెపై కనబడుచున్నది. ఉన్న ఫోను పనిచేయుచుండగా ఈ ఒక్క గుణము కొరకు దానిని విడిచి క్రొత్తది కొనుట యుక్తమా, కాదా అనునదే ఇచట విచార్యము.

ముందుగా లెక్క చూడవలెను. 60 హెర్ట్జుల తెరపై ఒక్కొక్క చిత్రము సుమారు 16.7 మిల్లీసెకనులు నిలుచును. 90 హెర్ట్జులపై 11.1, 120పై 8.3, 144పై 6.9. అనగా 60 నుండి 90కి పోయినవానికి 5.6 మిల్లీసెకనుల లాభము. అచటి నుండి 120కి పోయినచో 2.8 మాత్రమే, 144కి పోయినచో 1.4 మాత్రమే. పెట్టెపై సంఖ్య పెరుగుచున్నకొలది కంటికి దక్కు లాభము సన్నగిల్లుచుండును.

యోగసూత్రముల విభూతిపాదమునకు వ్యాసభాష్యము క్షణమును, క్షణక్రమమును విచారించినది. పరమాణువు ఒక చోటు విడిచి ఆ ప్రక్క చోటును పొందుటకు పట్టు కాలమే క్షణము. రెండు క్షణములు కలిసి ఉండవు గనుక ముహూర్తము, అహోరాత్రము మొదలగునవి వస్తువులు కావనియు, బుద్ధి కూర్చుకొనిన సముదాయములనియు భాష్యకారులు నిర్ణయించిరి. తెర చేయు పనియు ఇట్టిదే. అది విడివిడి చిత్రములను అందించును. ప్రవాహమును కూర్చునది బుద్ధి. సెకనుకు అరువది చిత్రములు ఇచ్చినను, నూట ఇరువది ఇచ్చినను చూచువాని ఆయుర్దాయమున సెకను సెకనే.

ఇంతమాత్రమున ఆ భేదము అసత్యమని కొట్టివేయుట శాస్త్రీయము కాదు. ప్రత్యక్షమును కాదనువాడు విచారమునకు అర్హుడు కాడు. పొడవైన పుటను వ్రేలితో పైకి త్రోసినపుడు కన్ను అక్షరములను వెంబడించును. కన్ను ఎడతెగక కదలుచుండ, చిత్రము మాత్రము కొన్ని మిల్లీసెకనులు ఒక్కచోటనే నిలిచి ఆపై దుముకును. అందువలన అక్షరములు అలుకుకొనినట్లు తోచును. చిత్రము నిలుచు కాలము సగమైనపుడు ఆ అలుకుడు తగ్గును. వేగముగా ఆడు ఆటలలోను ఈ మేలు స్పష్టము. కాని పుట నిలిచియున్నపుడు రెండు తెరలకు భేదము లేదు. ప్రవచనముల వీడియోలలో అధికభాగము సెకనుకు 24, 25 లేక 30 చిత్రములుగా తీసినవే. తెర ఎంత వేగమైనదైనను లేని చిత్రమును చూపలేక, ఉన్నదానినే మరల మరల చూపును. ఫోనులోని ప్రాసెసరు బలహీనమైనచో యాపులలోను అదే స్థితి. గంట ఎన్నిమారులు మ్రోగించినను నివేదించిన పదార్థము ఒక్కటే కదా!

ఇట్టి సందేహము ఒక యువపురోహితునికి కలిగిన విధము చెప్పదగియున్నది. అతడు కోనసీమలో పుట్టి, వేదపాఠశాలలో కృష్ణయజుర్వేదము క్రమాంతము చదివి, హైదరాబాదులో పౌరోహిత్యము చేసికొనుచున్నాడు. అతని ఫోను నాలుగేండ్ల నాటిది, 60 హెర్ట్జులది. యజమానుల పిలుపులు, పంచాంగము, ప్రయోగగ్రంథముల పీడీఎఫ్‌లు, యూపీఐ ద్వారా వచ్చు సంభావనలు, విదేశములలోని కుటుంబములకు వీడియోలో చేయించు సంకల్పములు, అన్నియు దానియందే. ఒక గృహప్రవేశమున యజమాని కుమారుడు తన క్రొత్త ఫోనును అతని ఫోను ప్రక్కన పెట్టి, రెండింటియందును ఒకే పుటను జరిపి చూపెను. నాటి సాయంకాలము నుండి అతనికి తన ఫోను తడబడుచున్నట్లు తోచసాగెను. ముప్పదిరెండువేల ఫోనును పన్నెండు వాయిదాలలో తీసికొనుటకు నిశ్చయించుకొని, ఊరి నుండి వచ్చిన మేనమామతో చెప్పెను. ఆయన ఘనాపాఠి.

“నిన్నటిదాకా నీ ఫోను ఎలా ఉందిరా?” అని ఆయన అడిగెను.

“బాగానే ఉంది మావయ్యా.”

“మరి రాత్రికి రాత్రి దానికి ఏమొచ్చింది?”

“దానికేం రాలేదు. ఆ రెండోది చూశాక ఇది ఆగి ఆగి నడుస్తున్నట్టుంది.”

మేనమామ దీనిని పరిహాసముగా తీసికొనలేదు. మరునాడు దుకాణమునకు తానును వెళ్ళి, స్వరచిహ్నములతో కూడిన సంహితాపుటను రెండు తెరలపైనను జరిపి చూచెను. “తేడా ఉందిరా. అబద్ధమెందుకు? కదులుతున్నప్పుడు ఇందులో అనుదాత్తం గీత కూడా తెలుస్తోంది” అనెను. పిదప క్షణమాగి, “అయితే పుట కదులుతుండగా చదివేవాడెవడురా? ఆపాకే కదా చదువుతాం” అనెను.

ఈ రెండు మాటలలో విషయమంతయు ఇమిడియున్నది. మొదటిది ప్రత్యక్షమును అంగీకరించుట, రెండవది ప్రయోజనమును ప్రశ్నించుట.

బుద్ధిమంతుడు ఒక పనియందు ప్రవర్తించుటకు మూడు జ్ఞానములు కారణములని నైయాయికులు విచారించిరి. విశ్వనాథపంచాననుని న్యాయసిద్ధాంతముక్తావళిలో ఇది ప్రసిద్ధము. ఈ పని నా ప్రయత్నముచేత సాధ్యమగునను కృతిసాధ్యతాజ్ఞానము మొదటిది. ఇది నేను కోరినదానికి సాధనమను ఇష్టసాధనతాజ్ఞానము రెండవది. దీని వెంట ఇష్టమును మించిన అనిష్టము రాదను బలవదనిష్టాననుబంధిత్వజ్ఞానము మూడవది. విషము కలిసిన మధురాన్నము తినుటకు సాధ్యమే, రుచిని ఇచ్చునదే. మూడవ జ్ఞానము లేనందుననే తెలిసినవాడు దానిని ముట్టడు.

ఈ మూడింటిని ఫోనుపై నిలిపి చూడవలెను. కృతిసాధ్యత విషయమున నేటి వర్తకము మనుష్యుని భ్రమింపజేయుచున్నది. వడ్డీ లేని వాయిదా అనగానే చేత ధనము లేనివానికిని కొనుట సాధ్యమని తోచును. ఆ యువకునికి నెలకు సుమారు 2,670 రూపాయలు పడును. వైశాఖజ్యేష్ఠములలో అది కష్టము కాదు. కాని ఆషాఢము, భాద్రపదము, పుష్యము శూన్యమాసములు. వివాహములు, గృహప్రవేశములు ఉండవు. శుక్రమౌఢ్యము వచ్చినచో ముహూర్తములు మరికొంతకాలము ఆగును. సంభావనకు మూఢము కలదు. వాయిదాకు మూఢము లేదు. ప్రతి మాసము ఊరిలోని తల్లిదండ్రులకు అతడు పంపు ధనము నుండియే ఆ మాసములలో వాయిదా కట్టవలసివచ్చును. కృతిసాధ్యమని తోచినది అతనికే గాక మరి ఇద్దరికి భారమగునన్నమాట.

ఇష్టసాధనత విచారింపగా అతని ఇష్టము ఏది? పని నడుచుట. పనికి విఘ్నము ఏది? అడిగి చూడగా తెలిసినది: విదేశములోని కుటుంబముచేత వ్రతము చేయించుచుండగా కథామధ్యమున రెండుమారులు ఫోను ఆగిపోయినది. బ్యాటరీ క్షీణించినది. ఆ విఘ్నమునకు 120 హెర్ట్జులు సాధనము కావు. వేగముగా నూతనపడు తెర తక్కిన గుణములు సమానమైనచో అధికవిద్యుత్తును వినియోగించును. ఖరీదైన ఫోనులలో బొమ్మ కదలనపుడు వేగమును 1 హెర్ట్జ్ వరకు తగ్గించు ఏర్పాటు ఉండుటకు హేతువు ఇదియే. అతనికి కావలసినది క్రొత్త బ్యాటరీ. రెండువేల నాలుగువందల రూపాయలతో ఆ పని అయినది.

ఇక అనిష్టము. అపరిగ్రహమను యమమును వివరించుచు వ్యాసభాష్యము విషయములందు ఐదు దోషములను చూపినది: ఆర్జనము, రక్షణము, క్షయము, సంగము, హింస. ఫోనుకు ఇవి ఐదును అతుకును. ఆర్జనమునకు వాయిదా, రక్షణమునకు గాజు, కవరు, పగులునేమోయను దిగులు, క్షయమునకు నానాటికి తగ్గు బ్యాటరీ, సంగమునకు మాటిమాటికి తెరను జరుపుచుండు వ్రేలు, హింసకు లిథియము, కోబాల్టు, బంగారముల కొరకు త్రవ్విన గనులు. ఫోను తన జీవితకాలమున కలిగించు కర్బన ఉద్గారములలో అధికభాగము దానిని తయారుచేయుటలోనే వెలువడును. కావున ఉన్నదానిని మరి రెండేండ్లు వాడుట కూడ ఒక విధమైన అహింసయే.

ఇచట పూర్వపక్షి ఒక బలమైన ఆక్షేపము చేయగలడు: “ఆ నున్నని చలనమును చూచినపుడు కలుగు సుఖము అనుభవసిద్ధము. సుఖము స్వయముగానే పురుషార్థము కదా! దానికి వేరొక ప్రయోజనము నడుగనేల?” ఆక్షేపము తోసివేయదగినది కాదు. అయితే ఆ సుఖము స్వరూపమును చూడవలెను. 120 హెర్ట్జుల తెర చేతికి వచ్చిన కొలది దినములకే అది అలవాటై, ఆ నునుపు గుర్తింపునకు రాదు. కాని అటుపిమ్మట 60 హెర్ట్జుల తెరను ముట్టినచో కొరత వెంటనే తెలియును. ఎక్కుటలోని సుఖము కొన్నాళ్ళది, దిగుటలోని దుఃఖము నిలుకడైనది. పతంజలిమహర్షి సాధనపాదమున పరిణామదుఃఖమును, తాపదుఃఖమును, సంస్కారదుఃఖమును వేరుగా గణించుట ఇందుకే. ఆ యువకుడు దుకాణమున వెదకినది క్రొత్త సుఖము కాదు; క్రిందటి సాయంకాలము పుట్టిన కొరతకు నివృత్తి. ఆ కొరత ఫోనులో పుట్టలేదు, పోలికలో పుట్టినది. పోలికలో పుట్టిన కొరతకు వస్తువు మందు కాదు. 120 కొన్నవాని ప్రక్కన 144 పెట్టువాడు రేపు వచ్చును.

కావున సిద్ధాంతము ఇట్లు తేలుచున్నది. అధిక రిఫ్రెష్ రేటు గుణమే. కాని ఫోను మార్చుటకు అది ఒక్కటియే హేతువు కాజాలదు. ఫోనుకు భద్రతా అప్‌డేట్లు ఆగిపోయి, ధనవ్యవహారము దానియందే నడుచుచున్నపుడు, మరమ్మతునకు లొంగని లోపము వచ్చినపుడు, వృత్తికి వలసిన పని అందు సాగనపుడు మార్చుట న్యాయ్యము. అపుడు రెండు నమూనాలు తక్కిన విషయములలో సమానమైనచో వేగమైన తెర గలదానినే ఎన్నుకొనవలెను. ఆ గుణము తక్కువ ధరలకును దిగివచ్చినందున తొందరపడనివానికి అది దాదాపు ఉచితముగా లభించును. వేగమైన ఆటలే వృత్తియైనవానికిని, జరుగు అక్షరములు చూచిన కన్నులు నొచ్చువానికిని నిర్ణయము వేరుగా ఉండవచ్చును; అధికారిభేదమును బట్టి విధి మారుట శాస్త్రసమ్మతమే. కొనదలచినవాడు ముందుగా తన ఫోను సెట్టింగులను ఒకమారు తెరచి చూచుట మేలు. 90 లేక 120 హెర్ట్జుల సామర్థ్యము గల ఫోనులు బ్యాటరీ ఆదా కొరకు 60కి కట్టుబడియుండుట సాధారణము.

యంత్రమును నిందించుట వైరాగ్యము కాదు, ప్రతి క్రొత్త యంత్రమును పొందుట జ్ఞానము కాదు. దుకాణమున రెండు తెరలు ప్రక్కప్రక్కన వెలుగుచున్నపుడు మనుష్యుడు తన్ను తాను అడుగవలసిన ప్రశ్న ఒక్కటే: ఈ కొరత నాకు నిన్న ఉండెనా? ఉండెనని నిజాయితీగా చెప్పగలిగినవాడు నిస్సంకోచముగా కొనవచ్చును. లేదని తోచినవాడు ఇంటికి మరలి ఒక పక్షము ఆగిన చాలును. కొరవి నిలిచినపుడు వలయము ఎచటికి పోయినదని వెదకనక్కరలేనట్లు, ఆ కోరికను గూర్చియు వెదకవలసిన పని ఉండదు.

స్వస్తి.