ఎప్పుడు, ఎన్నిసార్లు? అమరచింత ప్రాంతంలో స్నానం, ఆరోగ్యం

స్నానం రోజుకు ఇన్నిసార్లు చేయాలని వైద్యశాస్త్రం ఎక్కడా లెక్క కట్టలేదు. ఒకసారి చాలా, రెండుసార్లు కావాలా అన్నది మనిషి చేసే పనిని, పట్టే చెమటను, చర్మం తీరును, దొరికే నీళ్లను బట్టి తేలుతుంది. వనపర్తి జిల్లా అమరచింతలో ఈ తేడాలన్నీ ఒకే చోట కనిపిస్తాయి. ఊళ్లో పట్టుచీరలు నేసే మగ్గాలున్నాయి. చుట్టుపక్కల జూరాల కాల్వల కింద వరి పండుతుంది. కృష్ణకు అవతల గద్వాల వైపు విత్తన పత్తి సాగు ఎక్కువ. పాలమూరు నుంచి ముంబై, పుణె కట్టడాల పనులకు పోయి పండుగలకు తిరిగొచ్చే కుటుంబాలూ ఉన్నాయి. ఇక్కడి రోగులకు స్నానం గురించి ఒకే సలహా సరిపోదు.

ముందు చర్మం సంగతి తెలియాలి. చర్మపు పైపొర కొద్దిగా ఆమ్లగుణంతో ఉంటుంది. దాని పీహెచ్ సుమారు 4.5 నుంచి 5.5. మామూలు స్నానపు సబ్బు పీహెచ్ 9 నుంచి 10 దాకా ఉంటుంది. సబ్బు రుద్దినప్పుడు మురికితో పాటు చర్మం తేమను కాపాడే సహజమైన జిడ్డూ కొంత పోతుంది. ఆరోగ్యవంతుల చర్మం దాన్ని కొన్ని గంటల్లో తిరిగి తయారు చేసుకుంటుంది. వృద్ధుల్లో, పసిపిల్లల్లో, ఎగ్జిమా ఉన్నవారిలో అంత త్వరగా జరగదు. అందువల్ల నీళ్లు రెండుసార్లు పోసుకున్నా సబ్బు ఒకసారి చాలు. అదీ చంకలు, గజ్జలు, పాదాలకు తప్పనిసరి, మిగతా ఒంటికి అవసరాన్ని బట్టి.

నేత కార్మికులతో మొదలుపెడితే, గుంట మగ్గంలో కాళ్లు దించి గంటల తరబడి కూర్చునే మనిషికి తొడల సందుల్లో, నడుము చుట్టూ చెమట నిలుస్తుంది. ఎండలు నలభై డిగ్రీలు దాటే ఏప్రిల్, మే నెలల్లో చెమటకాయలు, గజ్జల్లో తామర పట్టుకుని ఆసుపత్రికి వచ్చేవారు పెరుగుతారు. వీరిలో చాలామంది పొద్దున్నే స్నానం చేసి మగ్గం ఎక్కుతారు. దిగాక కాళ్లు, ముఖం మాత్రం కడుక్కుంటారు. చర్మానికి స్నానం అవసరమైన వేళ మగ్గం దిగిన తర్వాతే. స్నానం ఎంత ముఖ్యమో, మడతల్లో తడి లేకుండా తుడుచుకోవడం, పూర్తిగా ఆరిన బట్ట కట్టుకోవడం అంతే ముఖ్యం. తడి మిగిలితే ఫంగస్‌కు అదే బలం. మందుల దుకాణంలో అడిగి తెచ్చుకునే స్టెరాయిడ్ కలిసిన పూత మందులు దురదను రెండు రోజుల్లో తగ్గిస్తాయి, తామరను మాత్రం లోపల పెంచుతాయి. అలా ముదిరిన తామరకు నెలల తరబడి వైద్యం కావలసి వస్తోంది.

పత్తి చేలో మందు కొట్టే రైతుకు, కూలీకి స్నానం శుభ్రతకు మించిన విషయం. ప్రాణరక్షణ. ఆర్గానోఫాస్ఫేట్ రకం పురుగుమందులు చర్మం గుండా రక్తంలోకి చేరతాయి. చెమట పట్టిన ఒంటి మీద, తడిసిన బట్టల కింద ఇది మరింత వేగంగా జరుగుతుంది. నోట్లో నీరూరడం, వాంతులు, కంటిపాపలు చిన్నవి కావడం, కండరాలు అదరడం దీని గుర్తులు. ఇలాంటి రోగి వస్తే ఆసుపత్రిలో ఇంజక్షన్‌తో పాటే బట్టలు విప్పించి, తలతో సహా సబ్బు నీళ్లతో కడిగించాలి. ఆ పని చేసేవారు చేతులకు తొడుగులు వేసుకోవాలి. బాధ కలిగించే విషయం ఏమిటంటే, మందు కొట్టి వచ్చిన మనిషి అదే బట్టలతో అన్నం తిని, రాత్రికి స్నానం చేయడం ఇప్పటికీ మామూలే. పిచికారీ ముగిసిన వెంటనే స్నానం చేయాలి. తిండి, బీడీ, పిల్లల్ని ఎత్తుకోవడం అన్నీ ఆ తర్వాతే. ఆ బట్టలు విడిగా ఉతకాలి.

వలస పనుల నుంచి వచ్చే కుటుంబాల్లో గజ్జి ఎక్కువగా కనిపిస్తుంది. ఇరుకు గదుల్లో, ఒకే చాప మీద పడుకున్నవారికి చర్మం చర్మానికి తగిలి అంటుకునే జబ్బు ఇది. రోజూ స్నానం చేసేవారికీ వస్తుంది కాబట్టి మురికివాళ్లని ఎవరినీ కించపరచరాదు. స్నానం చేసినంత మాత్రాన గజ్జి కలిగించే పురుగు పోదు. పెర్‌మెత్రిన్ 5 శాతం పూతను రాత్రి మెడ నుంచి అరికాళ్ల దాకా రాసుకుని, 8 నుంచి 14 గంటలు ఉంచి, పొద్దున స్నానం చేయాలి. ఇంట్లో అందరూ ఒకే రాత్రి రాసుకోవాలి. వారం తర్వాత మరోసారి రాసుకోవాలి. ఒక్కరు తప్పినా జబ్బు మళ్లీ ఇంటిల్లిపాదికీ తిరుగుతుంది.

కాన్పు అయిన ఇంట్లో స్నానం వేళ మరింత జాగ్రత్తగా చూడాలి. పుట్టిన బిడ్డకు కనీసం 24 గంటలు గడిచాకే తొలి స్నానం చేయించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఒంటి మీది తెల్లని జిడ్డు పూత బిడ్డ చర్మాన్ని కాపాడుతుంది. వెంటనే కడిగితే బిడ్డ ఒళ్లు చల్లబడుతుంది. తక్కువ బరువుతో పుట్టిన పిల్లలకు ఈ చలి ప్రమాదకరం. కాళ్లు చాపుకుని బిడ్డను పడుకోబెట్టి నూనె మర్దన చేసి గోరువెచ్చని నీళ్లు పోసే పద్ధతిలో తప్పు లేదు. ముక్కులో, చెవుల్లో నూనె చుక్కలు వేయడం, సాంబ్రాణి పొగ పట్టడం మాత్రం మానాలి. ముక్కులో పోసిన నూనె ఊపిరితిత్తుల్లోకి జారి న్యుమోనియా తేవచ్చు. బాలింతకు స్నానం ఆపనక్కర లేదు. సిజేరియన్ అయినవారు కూడా వైద్యుడు చెప్పిన ప్రకారం, సాధారణంగా 48 గంటల తర్వాత, కుట్ల మీద నీళ్లు పారేలా స్నానం చేసి మెత్తగా అద్దుకోవచ్చు. నెలసరి రోజుల్లోనూ రోజూ స్నానం చేయడమే మంచిది.

అమ్మవారు పోసిందని పిలిచే ఆటలమ్మలో నీళ్లు పోయడానికి బేసి రోజు కోసం ఎదురుచూస్తారు. వేపాకుల మీద పడుకోబెట్టడంలో, ఇంటికి ఎవరినీ రానీయకపోవడంలో రోగిని వేరుగా ఉంచే మేలు ఉంది. స్నానం ఆపడంలో మాత్రం మేలు లేదు. పొక్కులను గోకిన పిల్లల గోళ్ల మురికి వల్ల చీము పడుతుంది. మచ్చలు మిగిలేది ఎక్కువగా అలాంటి చోటే. గోరువెచ్చని నీళ్లతో రుద్దకుండా రోజూ స్నానం చేయించి, గోళ్లు కత్తిరిస్తే ఆ ముప్పు తగ్గుతుంది. మామూలు జ్వరంలోనూ అంతే. చన్నీళ్లు పోస్తే వణుకు వచ్చి జ్వరం ఇంకా పెరుగుతుంది. గోరువెచ్చని నీళ్లతో ఒళ్లు తుడిస్తే హాయిగా ఉంటుంది.

మధుమేహం ఉన్నవారిలో కొందరికి కాళ్లలో స్పర్శ తగ్గుతుంది. అలాంటివారికి కాగులోంచి ముంచిన నీళ్లు ఎంత వేడిగా ఉన్నాయో పాదానికి తెలియదు. చలికాలంలో అరికాళ్లు కాలి పుండ్లు పడ్డవారు వైద్యుల దగ్గరికి వస్తుంటారు. నీళ్ల వేడిని పాదంతో పరీక్షించరాదు. ఇంట్లో స్పర్శ బాగున్న మరొకరు చేత్తో చూడాలి. వృద్ధులు బాగా వేడి నీళ్లు ఎక్కువసేపు పోసుకుంటే రక్తనాళాలు విప్పారి రక్తపోటు పడిపోతుంది, కళ్లు తిరుగుతాయి. పీట మీద కూర్చుని స్నానం చేయడం, ముగించి ఒక్కసారిగా లేవకపోవడం వారికి క్షేమం. చలికాలంలో వారి కాళ్ల చర్మం పగిలి దురద పెడితే స్నానం క్లుప్తంగా ముగించి, ఒళ్లు పూర్తిగా ఆరకముందే కొబ్బరినూనె రాయాలి.

పొద్దునా రాత్రా అన్న ప్రశ్నకు సంప్రదాయం, విజ్ఞానం రెండూ కొంత జవాబిచ్చాయి. ఆయుర్వేద గ్రంథమైన అష్టాంగ హృదయం భోజనం చేశాక, అతిసారం, జలుబు, కంటి, చెవి రోగాలు ఉన్నప్పుడు స్నానం వద్దంది. వేడి నీళ్లు మెడ కింది శరీరానికే తగినవని, తలకు తగవని చెప్పింది. వాటన్నింటినీ నేటి వైద్యం సమర్థించదు. నీళ్ల విరేచనాలైన బిడ్డను తప్పక కడగాలి. పడుకోవడానికి గంట, రెండు గంటల ముందు వెచ్చని నీళ్ల స్నానం చేస్తే నిద్ర త్వరగా పడుతుందని పరిశోధనలు చూపించాయి. చర్మం వైపు రక్తం మళ్లి ఒంటి లోపలి వేడి తగ్గడం దానికి కారణం. పొలం, మగ్గం, కట్టడం పనులవారికి సాయంత్ర స్నానమే చర్మానికీ నిద్రకూ మేలు.

చివరిది నీళ్ల లెక్క. తెలంగాణ తాగునీటి పథకం మిషన్ భగీరథ మున్సిపాలిటీల్లో మనిషికి రోజుకు 135 లీటర్లు, పల్లెల్లో 100 లీటర్లు లక్ష్యంగా పెట్టుకుంది. బకెట్ స్నానానికి 15 నుంచి 20 లీటర్లు చాలు. రెండో స్నానానికి నీళ్లు చాలని ఇంట్లో ముఖం, చంకలు, గజ్జలు, పాదాలు కడుక్కుంటే చాలావరకు సరిపోతుంది. ముఖం కడగడాన్ని చిన్న పనిగా చూడరాదు. చూపు పోగొట్టే ట్రకోమాను అదుపు చేసే ప్రపంచ ఆరోగ్య సంస్థ కార్యక్రమంలో అదొక ముఖ్య భాగం. ప్రజారోగ్య సమస్యగా ఆ వ్యాధిని భారత్ నిర్మూలించినట్టు ఆ సంస్థ 2024లో గుర్తించింది. చర్మవ్యాధితో వచ్చిన ప్రతి రోగినీ ఏ పని చేస్తారు, ఏ వేళ నీళ్లు పోసుకుంటారు, ఏ సబ్బు వాడతారు, ఇంటికి నీళ్లు ఎన్ని వస్తాయి అని వైద్యుడు అడగాలి. ఆ నాలుగు జవాబులు తెలిశాకే మందుల చీటీ మీద స్నానం గురించి ఏం రాయాలో తేలుతుంది.